కీబోర్డు పాటలు ఈసారి వైరుతోనే రికార్డు చేద్దాం

అందరికీ నమస్కారం అండీ. విశాఖ ఎంవీపీ కాలనీలో పిల్లలు వాయించినవి ఫోన్లో రికార్డు చేసి వింటే ఫ్యాను చప్పుడే ఎక్కువుంది. నెలంతా కష్టపడి నేర్చుకున్నారు, మనసు చివుక్కుమంది.

కీబోర్డు హెడ్‌ఫోన్ జాక్ నుంచి కంప్యూటర్ వెనక నీలం రంగు లైన్-ఇన్‌లోకి, అంటే బయటి పరికరాల శబ్దం తీసుకునే రంధ్రంలోకి, వైరు పెట్టండి. గులాబీ రంగుది మైకుకి. అందులో పెడితే శబ్దం పగిలిపోతుంది. కీబోర్డు వైపు పిన్ను సాధారణంగా 6.35 మిల్లీమీటర్లు, కంప్యూటర్ వైపు 3.5, చూసి కొనండి. మన సముద్రపు గాలికి పిన్నులు చిలుము పడతాయి, పొడి గుడ్డతో తుడవండి.

యూఎస్‌బీ వైరు చాలదా అని అడిగారు. చాలా కీబోర్డుల్లో దానిగుండా వెళ్లేది మిడి ఒక్కటే, అంటే ఏ మెట్టు ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారన్న సమాచారం. శబ్దం రాదు.

కంప్యూటర్లో రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. ఆదివారం వైరు నేను తెస్తాను.