ఆ మంకీ క్యాప్ నాది

సంపాదకుడు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ జిల్లా పేజీలో ‘ఏడు పదుల వయసులో ఇంగ్లండ్‌లో నౌకా విహారం’ అని మా ఇద్దరి గురించి వార్త వేశారు. సంతోషం. బైరాగిపట్టెడలో పాలు పోసే అబ్బాయి నుంచి మందుల షాపాయన దాకా అందరూ ఆపి పలకరించారు. కానీ వార్తలో తప్పులున్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో సోషల్ పేపర్లు దిద్దిన చెయ్యి నాది. ఎర్ర పెన్ను పక్కనబెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ విలేకరి పార్కులో మావారితో పది నిమిషాలు మాట్లాడి వెళ్లారు. నేను అదే బెంచీ మీద ఈ చివర కూర్చునే ఉన్నాను. నన్ను ఒక్క మాటా అడగలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదట, అది నౌక కాదు, పడవ. నారోబోట్ అంటారు. మాది పొడవు 48 అడుగులు, వెడల్పు ఆరడుగుల పది అంగుళాలు. మా వంటిల్లే దానికన్నా వెడల్పు. రైలు పెట్టెను నిలువునా కోసి నీళ్ల మీద పెట్టినట్టుంటుంది. అక్కడి లాకులు, అంటే నీటి మట్టాన్ని పెంచి తగ్గించి పడవను పైకెక్కించే, కిందికి దించే తలుపుల గదులు, ఏడడుగుల వెడల్పుతో కట్టారు కాబట్టి పడవా అంతే సన్నం. అందులోనే మంచం, గ్యాసు పొయ్యి, స్నానానికి షవరు. టాంకులో నీళ్లు అయిపోతే కాలువ గట్టున కుళాయి దగ్గర ఆపి పైపుతో పట్టుకోవాలి. మున్సిపాలిటీ నీళ్లకు అలవాటుపడ్డ ప్రాణం కాబట్టి ఆ పని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

రెండోది, ‘పిల్లలు తల్లిదండ్రుల కల నెరవేర్చారు’ అన్నారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి చెప్పింది, “అమ్మా, పడవే కావాలంటే కేరళలో హౌస్‌బోట్ ఉంది కదా, ఈ వయసులో అంత దూరం అవసరమా?” అని. వాడి టెన్షన్ వాడిది. ఖర్చు మాత్రం నా గ్రాట్యుటీలోంచి. పడవ అద్దె ఒక్కటే వారానికి 1,400 పౌండ్లు, దాదాపు లక్షన్నర. ఈ డబ్బుతో మేడ మీద గది వేసుకోవచ్చు కదా అన్నవాళ్లున్నారు. గది వేస్తే అందులో ఎవరుంటారు?

కల కూడా మావారిది కాదు, నాది. పారిశ్రామిక విప్లవం పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. 1761లో బ్రిడ్జ్‌వాటర్ కాలువ తవ్వాక వర్స్‌లీ గనుల బొగ్గు పడవల్లో మాంచెస్టర్‌కు చేరి, అక్కడ బొగ్గు ధర సగానికి పడిపోయిందని బోర్డు మీద రాసేదాన్ని. ఒక ఏడాది వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, “మేడమ్, గుట్ట అడ్డమొస్తే పడవ ఎట్ల ఎక్కుతుంది?” అన్నాడు. లాకులుంటాయి అని చెప్పి కూర్చోబెట్టాను. అవి ఎలా పనిచేస్తాయో నాకూ తెలియదు. ఇంటికొచ్చి మావారిని అడిగితే పాలగిన్నె, రెండు అట్టముక్కలు పెట్టి చూపించారు. ఆయన ఇరిగేషన్ శాఖలో చేశారు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ధవళేశ్వరం లాకుల దగ్గర కొన్నాళ్లు ఉండి, ఆ తర్వాత ఎక్కువ కాలం తెలుగుగంగ మీద ఉన్నారు. అట్టముక్కల్లో చూసింది ఒకసారి కళ్లతో చూడాలని అప్పట్నుంచీ నాకు ఉండిపోయింది.

వీసా కోసం ఊళ్లోనే ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లాం. ఎందుకు వెళ్తున్నారు అని అడిగితే, కాలువలో పడవ నడపడానికి అన్నాను. ఆ కుర్రాడు నా వంక, మావారి వంక చూసి, “టూరిజం అని పెడతాను లేండి అమ్మా” అన్నాడు. వేలిముద్రలకు మద్రాసు వెళ్లొచ్చాం. పాల పదార్థాలు ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదని తెలిసి, కాచి సీసాకు పోసిన నెయ్యి పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. చెనిక్కాయల పొడి, చింతకాయ తొక్కు మాత్రం వచ్చాయి. దుబాయ్‌లో ఏడు గంటలు కూర్చుని కూర్చుని కాళ్లు వాచాయి. మొత్తం 38 రోజుల ప్రయాణంలో లండన్‌లో మా చెల్లెలి కొడుకు ఇంట్లో ఉన్నవే ఎక్కువ. లండన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను చెప్పను. యూస్టన్‌లో రైలెక్కి క్రూలో మారి, రెన్‌బరీ అనే చిన్న స్టేషన్లో దిగాం.

పడవ అప్పగించిన అబ్బాయికి ఇరవై రెండేళ్లుంటాయి. లైసెన్సు అక్కర్లేదు, గంటసేపు నేర్పించి తాళం చేతికిస్తారు. అతనూ అంతే, చెప్పిందంతా మావారి మొహం చూసే చెప్పాడు. చుక్కాని కర్రను ఎడమకు తోస్తే పడవ కుడికి పోతుంది. మావారు తల ఊపారు, పట్టుకున్నారు, పది నిమిషాల్లో వంతెనకు కొట్టారు. మళ్లీ పట్టుకుని ఈసారి రెల్లులోకి ఎక్కించారు. నలభై ఏళ్లు స్కూటరు, జీపు నడిపిన చేతులు, ఎటు పోవాలో అటే తిప్పుతాయి. నాకు సైకిలు కూడా రాదు. మర్చిపోవాల్సిన అలవాటు ఒక్కటీ లేదు. కొంగు బిగించి నడుముకు దోపుకుని నేను పట్టుకున్నాను. ఆ తర్వాత వారం రోజులూ చుక్కాని నాది, లాకులు ఆయనవి.

ఆ కాలువ మీద వేల్స్‌లోని లాంగోలెన్ అనే ఊరికి వెళ్లి రావడానికి మాకు 24 లాకులు తగిలాయి. అందులో గ్రిండ్లీ బ్రూక్ దగ్గర ఆరున్నాయి. మూడు విడివిడిగా, మూడు మెట్లలా ఒకదానికొకటి ఆనుకుని. ఒక గది పైతలుపే దాని పై గదికి కింది తలుపు. ఎక్కేటప్పుడు కింది గది ఖాళీగా, పై రెండూ నిండుగా ఉండాలి. వరస తప్పితే నీళ్లు పొర్లిపోతాయి. అక్కడ లాకు చూసే పెద్దాయన రిటైరైన పోస్ట్‌మన్. జీతం లేదు, వారానికి రెండు రోజులు ఊరికే వచ్చి చేస్తాడు. ఆయన మాకు వివరించబోతుంటే మావారు ముందే వెళ్లి పైగది తూము ఎంత ఎత్తారో చూసి, నీటి మట్టం వేలితో చూపించి, ఇప్పుడు తెరవచ్చు అన్నట్టు సైగ చేశారు. పెద్దాయన తూము ఎత్తే హ్యాండిల్ తీసి ఈయన చేతిలో పెట్టేశాడు. ఇద్దరి ఇంగ్లిషూ ఒకరిది ఒకరికి సగమే అర్థమయ్యింది. నేను కింద తడి గోడల మధ్య పడవను నిలబెట్టుకుని, మీద వాళ్లిద్దరి టీ కప్పులు చూస్తూ ముప్పావుగంట ఉన్నాను. మావారు కాలువల మీద పనిచేసే లస్కర్లతో మాట్లాడేటప్పుడు ఉండే గొంతు రిటైరయ్యాక మళ్లీ ఆ రోజే విన్నాను.

ఆ కాలువ బతికిన కథ కూడా ఈయనకు నచ్చింది. సరుకులు రైళ్లకు, లారీలకు మళ్లిపోయాక, 1944లో పార్లమెంటు చట్టంతోనే దాని మీద పడవల రాకపోకలకు చెల్లుచీటీ ఇచ్చారు. కానీ కాలువను పూడ్చలేదు. డీ నది నీళ్లు దాని గుండానే హర్ల్‌స్టన్ రిజర్వాయరుకు, అక్కడి నుంచి జనం కుళాయిలకు వెళ్తాయి. తాగునీటి కోసం ఉంచారు, తర్వాత విహారం పడవలు వచ్చి చేరాయి. కండలేరు నుంచి మద్రాసు జనానికి నీళ్లు పంపిన మనిషికి వేరే ఏం చెప్పాలి!

వంతెనల కింద అంచుల్లో నిలువునా గాళ్లు పడి ఉంటాయి. వేలు పెడితే వేలు పట్టేంత లోతు. గుర్రాలతో పడవలు లాగిన కాలంలో తాడు ఒరుసుకుని ఒరుసుకుని పడినవి. మా పుట్టింట్లో బావి గట్టు రాయి మీద చేదతాడు గాళ్లు అచ్చం ఇలాగే ఉండేవి. ప్రతి వంతెన కిందా చెయ్యి చాపి తడిమాను. అందుకే రెండుసార్లు గోడకు రాసుకున్నాం, అది ఆయన తప్పు కాదు.

ఇక ‘సాహసయాత్ర’ అన్నారు. ఆ కాలువ మీద వేగం గంటకు నాలుగు మైళ్లకు మించకూడదు. గట్టు మీద కుక్కను తిప్పుకునేవాళ్లు మమ్మల్ని దాటి వెళ్లేవాళ్లు. బాతులూ దాటేవి. అలిపిరి మెట్లు ఎక్కినదానికి ఇదొక సాహసమా? భయపడింది ఒక్కచోట. పొంట్‌కసుల్తే అక్విడక్ట్. టెల్‌ఫర్డ్, జెస్సప్ అనే ఇంజినీర్లు కట్టారు, 1805లో పూర్తయింది. లోయకు అడ్డంగా రాతి స్తంభాలు, వాటి మీద 307 మీటర్ల పొడవున ఇనుప తొట్టి, అందులో నీళ్లు, నీళ్ల మీద మనం. కింద నది 38 మీటర్ల లోతున. ఒకవైపు నడిచే దారి, కమ్మీలు ఉన్నాయి. రెండోవైపు ఏమీ లేదు. తొట్టి అంచు నీటి మీద జానెడు కూడా లేస్తుందో లేదో, ఆపైన గాలే. పడవలో నిలబడితే ఆ అంచు కూడా కనబడదు, నేరుగా చెట్ల తలలు కనబడతాయి. మావారు కమ్మీల వైపు దిగి నడుచుకుంటూ వచ్చారు, ఫోటోలు తీయడానికి అని. నేను గోవింద నామాలు చెప్పుకుంటూ ముందున్న పడవ వెనక తలుపు మీద రంగులేసిన గులాబీలను చూస్తూ దాటించాను. ఎన్ని రేకులో ఇప్పటికీ చెప్పగలను.

‘మన ప్రాంతానికి తెలియని వింత’ అన్నది కూడా సరిదిద్దాలి. సూళ్లూరుపేట మన జిల్లాలోదే కదా. పులికాట్ పక్కన బకింగ్‌హాం కాలువ మీద కట్టెలు, ఉప్పు మద్రాసుకు పడవల్లోనే పోయేవి. 1877-78 కరువులో కూలీనాలీ జనం కొంత భాగం తవ్వితే, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. మా అవ్వ అటువైపు మనిషి. మద్రాసులో పెళ్లికి గూటిపడవలో వెళ్లారట, దారిలో రాత్రి దోమలు పీక్కుతిన్నాయని చెప్పేది. ఆ కాలువ ఇప్పుడెలా ఉందో మీ విలేకరి రెండు గంటల ప్రయాణం చేసి చూసి రాయవచ్చు. వీసా అక్కర్లేదు.

అసలు తప్పు చివర్న. ఫోటో. ‘స్థానికుడి సాయంతో పడవ నడుపుతున్న విశ్రాంత ఇంజినీరు’ అని కింద వేశారు. మే నెలలో కూడా అక్కడ పొద్దున పూట వణికించే చలి. చీర మీద మావారి జెర్కిన్ వేసుకుని, ఆయనదే మంకీ క్యాప్ పెట్టుకుని చుక్కాని దగ్గర నిలబడింది నేను. కుచ్చిళ్లు పడవ తలుపు చాటుకు పోయాయి. గట్టు మీద మఫ్లరు చుట్టుకుని, చేతిలో హ్యాండిల్ పట్టుకుని, లాకు తలుపుకు వీపు ఆనించి తోస్తున్న మనిషి మావారు. మా చెల్లెలు ఫోన్ చేసి, “నువ్వెక్కడే అక్కా, ఫోటోలో లేవు?” అంది.

వీలైతే చిన్న సవరణ వేయండి. ఫోటో మళ్లీ వేయకపోయినా ఫర్వాలేదు. ఈ ఉత్తరం మావారికి చదివి వినిపించాను. అన్నీ సరేనన్నారు, ‘స్థానికుడు’ అన్నది మాత్రం అలాగే ఉంచమని చెప్పమన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ టీచర్,
బైరాగిపట్టెడ, తిరుపతి