ఫసలీ 1435 ఎక్కడిది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఎన్‌సీఈఆర్‌టీ కొత్త సోషల్ పుస్తకాల మీద మీ ఉత్తరాల పేజీలో నడుస్తున్న వాదన వరసగా చదువుతున్నాను. ఏడో తరగతిలోంచి మొఘలుల్ని తీసేశారని కొందరి బాధ. ఎనిమిదో తరగతిలో బాబర్‌ని క్రూరుడని రాశారని కొందరి కోపం, ఇన్నాళ్ళకు నిజం రాశారని ఇంకొందరి సంతోషం. 2023లో పన్నెండో తరగతి పుస్తకంలోంచి మొఘల్ దర్బారుల పాఠం ఎత్తేసినప్పుడూ ఇదే వరస. ఎవరి ఉత్తరం చూసినా రాజు మంచివాడా, చెడ్డవాడా అన్న పంచాయితీయే. శిస్తు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ముప్ఫై ఏళ్ళ పైన రెవెన్యూలో పనిచేసి రిటైరయినవాణ్ణి, నాకు ముందు తట్టేది అదే మరి.

మొన్న పంట లోను కోసం తీసిన అడంగల్ కాగితం (ఏ పొలం ఎవరిది, ఏ పంట వేశారో రాసే రెవెన్యూ లెక్క) బల్ల మీద పెడితే మా మనవరాలు చూసింది. "తాతయ్యా, ఇక్కడ 1435 అని పడింది, ప్రింటింగ్ మిస్టేకా?" అంది. మిస్టేక్ కాదమ్మా, ఫసలీ అన్నాను. ఫసలీ అంటే ఏంటంది. సర్వీసులో కొన్ని వేలసార్లు ఆ మాట రాసి ఉంటాను. జూన్ దాటితే ఫసలీ మారుతుంది, జమాబందీకి, అంటే ఏటా జరిగే గ్రామ లెక్కల తనిఖీకి, అన్నీ తేల్చాలన్న టెన్షన్ మొదలవుతుంది. అయినా పిల్లకు వెంటనే చెప్పడానికి తడుముకున్నాను.

ఫసల్ అంటే పంట. హిజ్రీ, అంటే ముస్లిముల సంవత్సరం, చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, సూర్యుడి లెక్క కన్నా ఏటా పదకొండు రోజులు తక్కువ. పంట మాత్రం ఎండనూ వాననూ బట్టే వస్తుంది. హిజ్రీ ప్రకారం శిస్తు అడిగితే గడువు ఏటేటా ముందుకు జరుగుతూ చివరికి చేను పచ్చిగా ఉండగానే బంట్రోతు గుమ్మంలో నిలబడతాడు. అందుకని అక్బర్ పరిపాలనలో శిస్తు కోసం విడిగా పంటల సంవత్సరం పెట్టారు. 1636లో షాజహాన్ దక్కనులో దాన్ని తెచ్చేనాటికి హిజ్రీ 1046 నడుస్తోంది. ఫసలీని కూడా 1046 నుంచే లెక్క మొదలుపెట్టారు. మన కాగితాల మీద ఉండేది ఈ దక్కను ఫసలీయే. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై 1న మొదలవ్వాలని ఖాయం చేసింది ఆ తర్వాతి మద్రాసు సర్కారు.

ఫసలీ 1435 అంటే 2025-26, అప్పటికి హిజ్రీ 1447. ఒకే అంకె దగ్గర బయలుదేరిన రెండు లెక్కల మధ్య పన్నెండేళ్ళ తేడా వచ్చింది. పాత లెక్కే ఉంటే ఈ కాలంలో రైతు పన్నెండు శిస్తులు అదనంగా కట్టాల్సి వచ్చేదన్నమాట. కాగితం మీద కూడికలు తీసివేతలు చేయించాక పిల్ల మొహం చూడాలి. తాజ్‌మహల్ బొమ్మ చూసినప్పుడు కూడా అంత ఆశ్చర్యపోలేదు.

కొలత సంగతీ అంతే. అక్బర్‌కు ముందు భూమిని నారతాడుతో కొలిచేవారు. తాడు తడిస్తే కుదించుకుపోతుంది. తాడు పొట్టిదైతే కాగితం మీద పొలం పెరుగుతుంది, దాంతో శిస్తూ పెరుగుతుంది. అది తీసేసి ఇనుప కడియాలతో కలిపిన వెదురు కర్రలు పెట్టారు. నా రోజుల్లో ఇనుప గొలుసు పట్టుకునే చైన్‌మన్ వెనక నడిచిన నాకు ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. గొలుసు లాగి పట్టమని రైతూ, వదులుగా వేశావని పక్క పొలంవాడూ కేకలేసుకోని సర్వే నేను చూడలేదు. ఆ కొలతాడుకు పార్శీలో జరీబ్ అని పేరు. అమరావతి భూసమీకరణలో జరీబు భూమికి (ఏటి ఒడ్డు సారవంతమైన భూమికి) ఎంత, మెట్టకు ఎంత అని ఊరూరా లెక్కలేసుకున్నప్పుడు ఆ మాట ఎక్కడిదని ఎవరమూ అనుకోలేదు. తహసీలు, జిల్లా, జప్తు, రసీదు, వకీలు, ఖరీఫ్, రబీ... ఇవన్నీ మొఘలులే తెచ్చారని అనను. గోల్కొండ దర్బారులో అంతకుముందే పార్శీ నడిచింది.

ఇదంతా చదివి నేను మొఘలులకు భజన చేస్తున్నానని అనుకోవద్దు. అక్బర్ రెవెన్యూ మంత్రి తోడరమల్లు పదేళ్ళ దిగుబడులు, ధరలు సగటు తీసి మూడో వంతు శిస్తు కట్టాడు. మూడో వంతు తక్కువేం కాదు. పైగా జీతం బదులు ఊళ్ళ శిస్తు వసూలు చేసుకునే జాగీర్దారును మూడు నాలుగేళ్ళకోసారి బదిలీ చేసేవారు. ఉండేది నాలుగేళ్ళయితే చెరువు మరమ్మతు ఎవడికి కావాలి, ఉన్నన్నాళ్ళూ పిండుకుని పోవడమే. 1564లో అక్బర్ ఎత్తేసిన జిజియాను, అంటే ముస్లిమేతరుల మీది పన్నును, 1679లో ఔరంగజేబు మళ్ళీ వేశాడు. అదీ రాయాలి, ఇదీ రాయాలి.

అసలు నేను రాయాలనుకున్నది ఇంకొకటి ఉంది. ఈ గొడవంతా ఢిల్లీ, ఆగ్రాల చుట్టూనే తిరుగుతోంది. మొఘలులు మనల్నీ ఏలారు. 1687 సెప్టెంబరులో, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలివాళ్ళే తలుపు తీస్తే, గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. 1724లో మొదటి నిజాం నిజాముల్ ముల్క్ ఇక్కడి మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్‌ను ఓడించేదాకా ముప్ఫై ఏడేళ్ళు మనది మొఘల్ సుబా, అంటే వాళ్ళ రాజ్యంలో ఒక రాష్ట్రం. నేను చదువుకున్న పుస్తకాల్లో కుతుబ్‌షాహీల నుంచి ఒక్క గంతులో అసఫ్‌జాహీల దగ్గర తేలేవాళ్ళం.

కొన్నేళ్ళ క్రితం షిరిడీ వెళ్ళినప్పుడు అందరిలాగే మేమూ జీపు మాట్లాడుకుని ఎల్లోరా బయల్దేరాం. దారిలో దౌలతాబాద్ కోట. ఎండకు సగం మంది కిందే ఆగిపోయారు. మెట్లెక్కుతుంటే మధ్యలో కప్పు లేని పాత మహలు ఒకటి, గోడల మీద అక్కడక్కడా నీలం పెంకులు. చీనీ మహల్ అట. గోల్కొండ నవాబును ఇక్కడే బంధించారని గైడు హిందీలో గడగడా చెప్పేసి ముందుకు పోయాడు. రెండు నిమిషాల తర్వాతగాని నాకు వెలగలేదు, అతను చెప్పింది మన తానీషా గురించి! రామదాసును చెరసాలలో పెట్టిన తానీషా ఇక్కడ తనే ఖైదీగా దాదాపు పన్నెండేళ్ళు ఉండి పోయాడు. భద్రాచలం కథ నోటికి వచ్చిన మా జీపులో పదకొండుమందికీ ఆ సంగతి తెలియదు. అక్కణ్ణుంచి కాస్త దూరంలోనే ఖుల్దాబాద్‌లో ఆయన్ను ఓడించిన ఔరంగజేబు సమాధి. పైకప్పు లేదు, మట్టి మీద చిన్న మొక్క. తండ్రి కట్టిన తాజ్‌మహల్ ఎక్కడ, ఇదెక్కడ. దీన్నే తవ్వేయాలన్న గొడవ మీదే 2025 మార్చిలో నాగ్‌పూర్‌లో అల్లర్లయ్యాయి.

సర్వాయి పాపన్నకు తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు ఏటా జయంతి చేస్తోంది. మంచిదే. పాపన్న 1708లో ఓరుగల్లును కొట్టింది, 1710లో పట్టుబడి ప్రాణం పోగొట్టుకుంది మొఘల్ సుబాలోనే. అంతకుముందు సుబేదారు రుస్తుం దిల్ ఖాన్ ఆయన మీదికి దండెత్తి వచ్చి, నెలల తరబడి కోటను చుట్టుముట్టి, చివరికి సొమ్ము పుచ్చుకుని వెనక్కి పోయాడు. ఆ సుబా ఎలా నడిచిందో చెప్పకుండా పాపన్న విగ్రహానికి దండ వేస్తే, ఆయన కత్తి ఎవరి మీద ఎత్తాడని పిల్లలు అడగరా?

అందుకని రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల కమిటీలకు మీ పత్రిక ద్వారా నా మనవి. ఎన్‌సీఈఆర్‌టీ ఏం తీసేసింది, ఏం కలిపింది అన్నది పక్కన పెట్టండి. రాష్ట్ర సిలబస్ తిరగరాసేటప్పుడు 1687 నుంచి 1724 దాకా ఒక పాఠం పెట్టండి. అందులో గోల్కొండ పడేముందు జరిగిన తానీషా మంత్రులు అక్కన్న మాదన్నల హత్య, గోల్కొండ పతనం, ఔరంగజేబు కాలంలో పూర్తయిన మక్కా మసీదు, పాపన్న, జాగీర్దార్ల దోపిడీ అన్నీ ఉండాలి. మొదటి పేజీలో మాత్రం ఏ రాజు బొమ్మా వద్దు, ఒక అడంగల్ వేయండి. మా నాన్నగారు కరణంగా ఉన్నప్పుడు చేత్తో రాసిన ఫసలీ 1378 నకలు నా దగ్గరుంది. అంచులు కాస్త చెదలు తిన్నాయిగానీ అక్షరాలు బాగానే కనపడతాయి. కావాలంటే పంపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డిప్యూటీ తహసీల్దార్,
గుంటూరు జిల్లా