కాలువ మీద బండ పరిస్తే ఫుట్‌పాత్ అయిపోదు

సంపాదకులకు,

కడప బండ ఇంట్లో పరుచుకోవడానికి, అల్మారా అరలకు, వంటగట్టుకు భేషైన రాయి. మురుగుకాలువకు మూతగా మాత్రం పనికిరాదు. అది పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. కింద నేల ఆనించి ఉన్నంతకాలం ఎంత బరువైనా మోస్తుంది. రెండు గట్ల మీద ఆనించి మధ్యలో ఖాళీ వదిలితే మాత్రం, బరువు పడ్డప్పుడు అడుగువైపు సాగదీతకు తట్టుకోలేదు. లోపల ఇనుప కడ్డీ ఉండదు కనుక వంగడం, బీటలివ్వడం లాంటి ముందస్తు సూచనలేవీ కనపడవు. మనుషులు నడిచినన్నాళ్లూ ఆగుతుంది, ఒకరోజు కారు ముందుచక్రం ఎక్కగానే నడిమధ్యకు పటుక్కుమంటుంది. పూడిక తీసేవాళ్లు గడ్డపారతో లేపినప్పుడు అంచు ఊడుతుంది, మళ్లీ పెట్టినప్పుడు సరిగ్గా కూర్చోదు. ఇక వానకు తడిసిన నున్నటి బండ మీద చెప్పులేసుకుని నడవడం ఎలా ఉంటుందో కడప వాళ్లకు చెప్పనక్కర్లేదు. చాలా వీధుల్లో మనం ఫుట్‌పాత్ అనుకుంటున్నది ఈ బండల వరుసనే.

దీనికి బదులు కావాల్సింది పెద్ద ఖర్చు పనేమీ కాదు. 10 సెంటీమీటర్ల మందంతో, కడ్డీలు కట్టి ముందే పోసిన కాంక్రీటు పలకలు వేస్తే చాలు. ఒక్కో పలక 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉంటే బరువు దాదాపు 100 కిలోలు, అంటే నలుగురు ఎత్తి పక్కన పెట్టగలరు. రెండు చివర్లా ఎత్తడానికి కొక్కేలు ఉండాలి. కొక్కెం లేకపోతే మళ్లీ గడ్డపారే, మళ్లీ విరిగిన అంచులే. ఇళ్ల గేట్ల ఎదురుగా, లారీలు సరుకు దించే చోట ఈ మందం చాలదు, అక్కడికి వేరే లెక్క కట్టాలి. అంచనాలో ఊరంతటికీ ఒకే రకం పలక రాశారంటే ఆ లెక్క ఎవరూ వేయలేదనే అర్థం.

"జనానికి ఫుట్‌పాత్ మీద నడిచే అలవాటు లేదు" అనే మాట తరచూ వినబడుతుంది. అలవాటు గురించి తర్వాత, ముందు ఎత్తు కొలవండి. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 103వ నంబరు మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ రోడ్డుకు 15 సెంటీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు నడిచే వెడల్పు, తల పైన 2.2 మీటర్ల ఖాళీ ఉండాలి. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు, చెట్టు పాదు ఆ 1.8 మీటర్లకు బయటే ఉండాలి. మన దగ్గర అడుగు ఎత్తు కట్టి, ప్రతి దుకాణం ముందూ ర్యాంపు కోసం కోస్తారు. వంద మీటర్ల దూరంలో పది దుకాణాలుంటే పదిసార్లు ఎక్కి పదిసార్లు దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఎక్కడ నడుస్తుంది? రోడ్డు మీదే. నిజానికి బండి ఎక్కే వాలును రోడ్డు పక్క అంచులోనే ముగించి, నడిచే పట్టీని ఒకే మట్టంలో సాగనివ్వవచ్చు. చక్రాల కుర్చీ ఎక్కే చోట వాలు 1:12 ఉండాలి. అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకు 1.8 మీటర్ల పొడవు. రెండడుగుల్లో ముగించిన సిమెంటు ముద్దను ర్యాంపు అనలేం.

ఎత్తు పెరగడానికి అసలు కారణం తారు. పాతదాన్ని చెక్కకుండా దాని మీదే 4, 5 సెంటీమీటర్ల కొత్త పొర వేస్తారు. మూడుసార్లు వేస్తే 12 నుంచి 15 సెంటీమీటర్లు, అంటే ఫుట్‌పాత్ రోడ్డులో కలిసిపోయినట్టే. బైకులు దాని మీదికి ఎక్కుతాయి, వాననీళ్లు దుకాణాల్లోకి దారి తీస్తాయి. అప్పుడు ఫుట్‌పాత్‌ను ఇంకా ఎత్తు లేపుతారు. పాత పొర చెక్కి తీసే పద్దు అంచనాలో లేకపోతే ఈ గొడవ ఇలా తిరుగుతూనే ఉంటుంది.

ఇదే తారు, ఫుట్‌పాత్ లేని శివారు రోడ్ల మీద సైకిలు వాళ్లను పడేస్తుంది. కొత్త పొర అంచు పక్కనున్న మట్టికన్నా రెండు మూడు అంగుళాలు పైకి నిలుస్తుంది. వెనక బస్సు హారన్ కొడితే సైకిలు కిందికి దిగుతుంది. తిరిగి ఎక్కేటప్పుడు చక్రం అంచుకు దాదాపు సమాంతరంగా వస్తుంది కనుక ఎక్కలేక దాన్నే రాసుకుంటూ పోతుంది. హ్యాండిల్ మెలిపడి మనిషి రోడ్డు వైపే పడతాడు. తారు వేసిన వారంలోనే పక్కన గ్రావెల్ పోసి, తడిపి, రోలర్‌తో అదే మట్టానికి తొక్కించాలి. ఇది పనిలో భాగమే కానీ చివర్లో ఎగ్గొట్టేదీ ఇదే. మురుగు జాలీల సంగతీ అంతే. కడ్డీలు రోడ్డు పొడవునా ఉంటే సన్నటి టైరు సందులో దిగబడుతుంది, అడ్డంగా తిప్పి బిగిస్తే దిగదు. దీనికి పైసా ఖర్చు లేదు.

రంగు గీతతో సైకిల్ ట్రాక్ వేయమని మేం అడగడం లేదు. సాయంత్రానికల్లా ఆ గీత మీద ఆటోలు నిలబడతాయి. లోపలి వీధుల్లో వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు తగ్గిస్తే అంతకన్నా మేలు. డ్రైవరు ప్రమాదం చూసి బ్రేకు మీద కాలు వేసే ఒక్క సెకనులో 50 వేగంతో బండి 14 మీటర్లు పోతుంది, 30తో 8 మీటర్లే. అయితే అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు గుట్టలు స్పీడ్‌బ్రేకర్లు కావు. రోడ్స్ కాంగ్రెస్ 1988 మార్గదర్శకాల్లో ఇచ్చిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. ఒకప్పుడు బడికొస్తా పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. అవి తొక్కే దారి సంగతి ఏ పథకంలోనూ లేదు. మీ పత్రికను తెల్లారకముందే ఇళ్లకు చేర్చేవాళ్లలో సైకిలు తొక్కేవారు ఇంకా ఉన్నారు.

కడప ఏడు రోడ్ల కూడలి లాంటి చోట నడిచేవాళ్లకు కావాల్సింది సెకన్లు. 14 మీటర్ల రోడ్డు దాటడానికి మామూలు మనిషికి 12 సెకన్లు, నిదానంగా నడిచే వృద్ధులకు 17, 18 సెకన్లు పడుతుంది. మధ్యలో 2 మీటర్ల డివైడర్ ఆగే చోటుగా ఉంటే సైకిలుతో సహా నిలబడి, మిగతా సగం తర్వాత దాటవచ్చు.

తోపుడుబండ్లను తరిమేయమన్నది మా కోరిక కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం వాళ్లే ఉండాలి. నడిచే పట్టీ గీసి చూపిస్తే బండి ఎక్కడ నిలపాలో వాళ్లే తేలుస్తారు. కార్ల పార్కింగుకు అలాంటి కమిటీ ఏదీ లేకపోవడమే విచిత్రం.

ఫుట్‌పాత్‌ను వాడుకునే హక్కు జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పింది. నిర్దేశిత ప్రమాణాలు పాటించక మరణమో వైకల్యమో సంభవిస్తే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షన్ అంటుంది. అయినా "మా వీధి బాగు చేయండి" అని అర్జీ ఇస్తే కదలదు. ముందు ఆ రోడ్డు కార్పొరేషన్‌దా, ఆర్ అండ్ బీదా కనుక్కోండి. 5 మీటర్ల టేపుతో పది చోట్ల వెడల్పు, ఎత్తు కొలిచి, ఫలానా దుకాణం ఎదుట, ఫలానా స్తంభం దగ్గర అని రాసి, టేపు కనబడేలా తీసిన ఫొటోతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. కొత్త పని మొదలైతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు కింద అంచనా పత్రం, అడ్డకోత డ్రాయింగు (రోడ్డును అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మ), ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. పనిని స్వయంగా చూసే హక్కు, నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టం 2(జె)లోనే ఉన్నాయి. పలకలు పోసేచోట కడ్డీలు కట్టి ఉన్నప్పుడే వెళ్లి ఫొటో తీయండి. కాంక్రీటు పడ్డాక లోపల కడ్డీ ఉందో లేదో తెలిసేది కారు ఎక్కిన రోజే.

— రోడ్డు పనులు తెలిసిన కొందరు పాదచారులు, కడప