ఓడ గంగవరానికి, లాభం సింగపూర్‌కి

విశాఖపట్నం

చిట్టితల్లీ,

నిన్ను ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ టీమ్‌లో, అంటే ఒకే గ్రూపు కంపెనీలు తమలో తాము వేసుకునే ధరలను చూసే టీమ్‌లో, వేశారన్నావు. "పెద్ద కంపెనీలు లాభాలను విదేశాలకు ఎలా పంపుతాయమ్మా, డబ్బు సూట్‌కేసుల్లో పోదు కదా" అని అడిగావు. అది ఫోన్లో తెమిలే సంగతి కాదు. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని తీరిగ్గా చదువు.

ముందు ఓడ సంగతి. బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చుని, దూరంగా లంగరేసి వంతు కోసం ఆగిన ఓడలను లెక్కపెడుతూ పెరిగావు. మన స్టీల్ ప్లాంటుకు కావలసిన కోకింగ్ బొగ్గులో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా నుంచే వస్తుంది. ఓడ అక్కడి రేవులో బొగ్గు ఎత్తుకుని తిన్నగా ఇటే, గంగవరం రేవుకే వస్తుంది. కానీ ఇలాంటి సరుకుల వ్యాపారంలో కాగితం చాలాసార్లు వేరే దారి పడుతుంది. గని ఉన్న కంపెనీ సొంత గ్రూపులోనే ఉన్న సింగపూర్ కంపెనీకి ఒక ధరకు అమ్ముతుంది. ఆ సింగపూర్ కంపెనీ అసలు కొనుగోలుదారుకు ఇంకాస్త ఎక్కువకు బిల్లు వేస్తుంది. సరుకు సింగపూర్ నేలను తాకదు, తేడా సొమ్ము మాత్రం అక్కడ దిగిపోతుంది. ఆస్ట్రేలియాలో పెద్ద కంపెనీల పన్ను 30 శాతం. సింగపూర్‌లో మామూలు రేటు 17, ప్రభుత్వంతో రాయితీ కుదుర్చుకున్న వర్తక సంస్థలకైతే 10, 5 శాతం కూడా ఉంటుంది. బీహెచ్‌పీ కంపెనీ తన ఖనిజాలను సింగపూర్ మార్కెటింగ్ కేంద్రం ద్వారా అమ్మిన తీరు మీద ఆస్ట్రేలియా పన్నుల శాఖతో ఏళ్ల తరబడి తగువు నడిచింది. 2018 నవంబరులో 52.9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. 2022లో రియో టింటో అనే మరో గని కంపెనీ కూడా సుమారు 100 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు తగువు తెంచుకుంది.

ఇప్పుడు దీన్నే మన ఊరి లెక్కలోకి దింపుదాం. పరవాడ ఫార్మా సిటీలో ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ ఉందనుకో. అంకెలు నేను వేసినవే. సరుకు తయారీకి అన్ని ఖర్చులూ కలిపి 100 కోట్లు, అమెరికాలో బయటి కొనుగోలుదారు ఇచ్చేది 160 కోట్లు. నేరుగా అమ్మితే 60 కోట్ల లాభం ఇక్కడే తేలుతుంది. సర్‌ఛార్జీ, సెస్సు కలిపి 25.17 శాతం చొప్పున పన్ను 15 కోట్ల 10 లక్షలు. మధ్యలో గ్రూపువాళ్ల సింగపూర్ కంపెనీని పెట్టి, దానికి 110 కోట్లకు ఇన్‌వాయిస్ చేశారనుకో. ఇక్కడి లాభం 10 కోట్లు, పన్ను 2 కోట్ల 52 లక్షలు. సింగపూర్‌లో మిగిలే 50 కోట్ల మీద 5 శాతం రాయితీ రేటున రెండున్నర కోట్లు. మొత్తం 5 కోట్ల 2 లక్షలతో సరి. అదే డ్రమ్ములు, అదే లారీ, అదే కంటెయినర్ టెర్మినల్. ఒక్క ఇన్‌వాయిస్ మీది ధర మారినందుకు 10 కోట్ల 8 లక్షల పన్ను మాయమైంది.

అలాగని సింగపూర్ కంపెనీ ఉన్న ప్రతిచోటా మోసమే అనుకోకు. అక్కడ నిజంగా ఇరవైమంది కూర్చుని కొనేవాళ్లను వెతుకుతూ, ధర పడిపోతే నష్టం తామే భరిస్తూ, సరుకు వెనక్కొస్తే తామే చూసుకుంటూ ఉంటే ఆ 50 కోట్లలో వాళ్లకు న్యాయంగా రావలసింది ఉంటుంది. ఇద్దరు గుమాస్తాలు ఇక్కడ తయారైన ఇన్‌వాయిస్‌ను అటు ఫార్వర్డ్ చేస్తుంటే మాత్రం వాళ్లకు దక్కాల్సింది జీతాలు, అద్దె, దాని మీద కొద్దిపాటి మార్జిన్, అంతే. సంబంధం లేని ఇద్దరు బేరమాడుకుంటే ఏ ధరకు తెగేదో ఆ ధరకే గ్రూపులోపలా అమ్మాలి. ఆర్మ్స్ లెంగ్త్ ధర అంటే ఇంతే. మన దేశంలో ఈ నిబంధనలు 2001 ఫైనాన్స్ చట్టంతో వచ్చాయి, 1961 చట్టంలో సెక్షన్ 92 నుంచి 92ఎఫ్ వరకు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి నంబర్లు మారాయి గానీ, నీ చేతికొచ్చే పాత ఫైళ్లన్నీ పాత నంబర్లతోనే ఉంటాయి. రెండూ నేర్చుకో.

నీ పనిలో ప్రాణం ఎఫ్‌ఏఆర్ విశ్లేషణ. ఎవరు ఏ పని చేస్తున్నారు, ఏ ఆస్తులు వాడుతున్నారు, ఏ రిస్కు మోస్తున్నారు అన్నది. చాలామంది కొత్తవాళ్లు దీన్ని పోయినేటి ఫైలులోంచి కాపీ చేసి, తేదీలు మార్చి, పోల్చడానికి బయటి కంపెనీలను వెతికే డేటాబేస్‌లోకి గబగబా దూకుతారు. అక్కడే కాలు జారుతుంది. ఒప్పందం చదివితే "రిస్కు అంతా సింగపూర్ కంపెనీదే" అని చక్కగా రాసి ఉంటుంది. దాన్ని రాసింది గ్రూపు లాయరే. నువ్వు చూడాల్సింది వేరు. గత ఏడాది ఒక కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే ఆ నష్టం ఎవరి పుస్తకాల్లో పడింది? రేటు తగ్గించమని అమెరికా నుంచి మెయిల్ వస్తే, సరే అని జవాబిచ్చినవాడి సంతకం కింద ఏ ఊరి ఫోన్ నంబరుంది? సింగపూర్ బోర్డు మీటింగ్ మినిట్స్‌లో తీర్మానం తేదీ చూడు, ఆ ఒప్పందం మీద అసలు బేరం ముగిసిన మెయిల్ తేదీ చూడు. మెయిల్ మూడు వారాలు ముందుంటే, బోర్డు అక్కడ నిర్ణయం తీసుకోలేదు, ఇక్కడ తీసుకున్నదానికి ముద్ర వేసింది. అక్కడి డైరెక్టర్ ఇంకెన్ని కంపెనీల బోర్డుల్లో ఉన్నాడో కూడా వెతుకు. యాభై బోర్డుల్లో ఉన్న మనిషి బల్క్ డ్రగ్ ధరల గురించి ఆలోచిస్తాడంటే నేను నమ్మను.

రెండో దారి రాయల్టీ. బ్రాండు పేరు, పేటెంటు, సాఫ్ట్‌వేర్ హక్కులు కంటికి కనిపించవు, బరువుండవు. ఒక్క సంతకంతో దేశం మారిపోతాయి. అందుకే పన్ను తక్కువున్న చోట వాటిని ఉంచి, మిగతా దేశాల కంపెనీల నుంచి ఏటా అద్దె వసూలు చేస్తారు. బ్రిటన్‌లో స్టార్‌బక్స్ 14 ఏళ్లలో 300 కోట్ల పౌండ్లకు పైగా అమ్మకాలు చేసి, కార్పొరేట్ పన్ను కింద కట్టింది 86 లక్షల పౌండ్లేనని 2012లో బయటపడింది. అమ్మకాల్లో 6 శాతం రాయల్టీగా నెదర్లాండ్స్‌కు పోయేది, కాఫీ గింజలు స్విట్జర్లాండ్‌లోని గ్రూపు కంపెనీ నుంచి మార్జిన్ వేసి వచ్చేవి. గూగుల్ వాడిన దారి ఇంకో మెట్టు పైది. ఐర్లాండ్ కంపెనీ నుంచి నెదర్లాండ్స్ కంపెనీకి, అక్కడి నుంచి బెర్ముడాలో నివాసం చూపించిన మరో ఐర్లాండ్ కంపెనీకి. మధ్యలో నెదర్లాండ్స్ ఎందుకంటావా? ఐర్లాండ్ నుంచి నేరుగా బెర్ముడాకు రాయల్టీ పంపితే టీడీఎస్ లాంటిది కోస్తారు, తోటి యూరప్ దేశానికి పంపితే కోయరు. నెదర్లాండ్స్ అప్పట్లో బయటికి పోయే రాయల్టీ మీద అసలు కోసేది కాదు. 2017 ఒక్క ఏడాదిలో ఆ దారిన 1,990 కోట్ల యూరోలు వెళ్లాయి. ఐర్లాండ్ 2015లో కొత్తవాళ్లకు ఆ తలుపు మూసి, పాతవాళ్లకు 2020 చివరిదాకా గడువిచ్చింది.

మన రుషికొండ ఐటీ కొండ మీదైనా, నువ్వుండే హైదరాబాద్‌లోనైనా ఇదే సంగతి తిరగబడి కనిపిస్తుంది. కోడు రాసేది మన పిల్లలు. వాళ్ల కంపెనీకి ఖర్చుల మీద ఇంత శాతం అని ఇస్తారు, తయారైనదాని హక్కు విదేశంలోని కంపెనీకి పోతుంది. సొమ్మొకడిది సోకొకడిది. ఇలాంటి ఫైలు వస్తే, ఆ హక్కును తయారుచేసింది, మెరుగుపరిచింది, కాపాడింది ఎవరని అడుగు. పేటెంటు సర్టిఫికెట్ మీద పేరుంటేనే లాభమంతా వాళ్లది కాదు.

ఇక వడ్డీ. దీని లెక్క తేలిక. మారిషస్‌లోని గ్రూపు కంపెనీ ఇక్కడి కంపెనీకి వాటా పెట్టుబడి బదులు అప్పు ఇస్తుంది. వడ్డీ 30 కోట్లయితే ఇక్కడ 7 కోట్ల 55 లక్షల పన్ను తగ్గుతుంది, మారిషస్‌తో మన దేశానికున్న పన్ను ఒప్పందం ప్రకారం 7.5 శాతం టీడీఎస్ 2 కోట్ల 25 లక్షలు కోసినా, అక్కడ కొద్దిపాటి పన్ను పోయినా లాభమే. 2017లో వచ్చిన సెక్షన్ 94బీ దీనికి కట్టు వేసింది. అలాంటి వడ్డీ కోటి దాటితే, ఎబిటాలో (వడ్డీ, పన్ను, తరుగుదల తీసేయకముందు లాభంలో) 30 శాతానికి మించిన భాగాన్ని ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. ఎబిటా 100 కోట్లు, వడ్డీ 45 కోట్లు అయితే 15 కోట్లు పక్కకు పోతాయి, 8 ఏళ్లలోపు వీలు దొరికితే వాడుకోవచ్చు. బయటి అప్పే అయినా విదేశీ మాతృసంస్థ గ్యారంటీ ఇస్తే దాన్నీ ఇందులోనే లెక్కిస్తారు. దీన్ని మర్చిపోయిన ఫైళ్లు చాలా ఉంటాయి. రేటు సంగతి మళ్లీ వేరు. చమురు కంపెనీ షెవ్రాన్ అమెరికాలోని తన కంపెనీ ద్వారా 1.2 శాతానికి అప్పు తెచ్చి, ఆస్ట్రేలియాలోని తన కంపెనీకే దాదాపు 9 శాతానికి ఇచ్చింది. 2017లో అక్కడి ఫెడరల్ కోర్టు అప్పీలులో ఓడిపోయింది.

"ఆఫ్‌షోర్" అన్న మాట విని డబ్బు ఏదో దీవిలో ఇనప్పెట్టెలో ఉందనుకోవద్దు. అమెరికా చట్టం 2017 చివరిదాకా విదేశీ అనుబంధ కంపెనీల లాభాలను స్వదేశానికి తెచ్చేదాకా చాలావరకు పన్ను వేయకుండా ఆగేది. దాంతో పుస్తకాల్లో "విదేశం" అని రాసుకున్న లాభాలు 2 లక్షల కోట్ల డాలర్లు దాటిపోయాయి. 27 పెద్ద కంపెనీలను అమెరికా సెనేట్ ఉపసంఘం 2011లో ఆరా తీస్తే, ఆ నిధుల్లో దాదాపు సగం అమెరికా బ్యాంకుల్లోనూ అమెరికా బాండ్లలోనూ ఉన్నట్టు తేలింది. డబ్బు ఇంట్లోనే ఉంది, యజమాని చిరునామా మాత్రమే దీవిలో ఉంది. 2004లో ఒకసారి 5.25 శాతానికే తెచ్చుకోనిచ్చారు. అది చూసి కంపెనీలు మళ్లీ అలాంటి అవకాశం వస్తుందని ఇంకా పోగేశాయి. 2017 చట్టం తెచ్చినా తేకపోయినా పాత లాభాల నగదు మీద ఒక్కసారికి 15.5 శాతం వేసింది. అప్పటి మామూలు రేటు 35.

యాపిల్ సంగతి కూడా చెప్పాలి. దాని ఐర్లాండ్ కంపెనీ లాభాల్లో ఎక్కువ భాగాన్ని ఉద్యోగులు గానీ ఆఫీసు గది గానీ లేని ఒక "హెడ్ ఆఫీసు" పేర రాసేవారు. 2011లో 1,600 కోట్ల యూరోల లాభంలో ఐర్లాండ్ పన్నుకు లెక్కించింది సుమారు 5 కోట్లే. 1,300 కోట్ల యూరోలు వసూలు చేయాలని యూరోపియన్ కమిషన్ 2016లో అంటే, 2024 సెప్టెంబరు 10న యూరప్ అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది.

నీకు పదేపదే ఎదురయ్యే ప్రశ్న ఇది తప్పా ఒప్పా అన్నది. ఆదాయం దాచిపెడితే ఎగవేత, నేరం. ఉన్నదున్నట్టు చూపిస్తూనే చట్టం సందుల్లోంచి పన్ను తగ్గించుకుంటే అది తప్పించుకోవడం. మన న్యాయస్థానాలు కూడా దీని మీద అటూ ఇటూ నడిచాయి. 1985లో మెక్‌డొవెల్ కేసు, మన రాష్ట్రం కేసే అది. అందులో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి విడిగా తీర్పు రాస్తూ, ఇలాంటి ఎత్తుల వల్ల పన్ను బరువు కపటం తెలియని మంచి పౌరుల మీద పడుతుందన్నారు. ఆ పేజీలు ఒకసారి చదువు. 2003లో మారిషస్ ఒప్పందం కేసులో సుప్రీంకోర్టు ఆయనతో ఏకీభవించలేదు. 2012 జనవరిలో వొడాఫోన్ గెలిచింది. ఇక్కడి టెలికం వ్యాపారం చేతులు మారడానికి కేమన్ దీవుల్లోని కంపెనీ వాటా ఒక్కటి అమ్మితే సరిపోయింది, సుమారు 11,000 కోట్ల పన్ను నోటీసు నిలబడలేదు. ఆ ఏడాదే వెనకటి తేదీతో చట్టం మార్చారు, 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. మారిషస్ ఒప్పందాన్ని 2016 మేలో సవరించి, 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న వాటాల లాభం మీద మనకు పన్ను హక్కు తెచ్చారు. గార్ కూడా, అంటే పన్ను తప్పించుకోవడానికే చేసిన ఏర్పాట్లను తోసిపుచ్చే నిబంధన, ఆ రోజు నుంచే అమల్లోకి వచ్చింది. చట్టం కాగితం నుంచి పని వైపు జరుగుతోంది. మెల్లగానే, కానీ జరుగుతోంది. నాకు చిన్నపరెడ్డిగారి మాటే సబబనిపిస్తుంది. పోర్టు రోడ్డు గుంత పూడ్చే డబ్బు జీతంలో టీడీఎస్ కోయించుకునే మనిషి ఒక్కడే ఇవ్వాలంటే అన్యాయం.

ఇక చేతి పని. క్లయింటు మార్జిన్‌తో పోల్చడానికి తెచ్చే బయటి కంపెనీల జాబితాలోనే సగం తగువులు పుడతాయి. ఆరు, అంతకు మించి కంపెనీలు దొరికితే 35 నుంచి 65 పర్సెంటైల్ మధ్య ఉన్న మార్జిన్‌ను ఒప్పుకుంటారు, బయట పడితే మీడియన్‌కు, అంటే వరుసలో సరిగ్గా మధ్యనున్న మార్జిన్‌కు, లాగుతారు. అందుకే క్లయింటు మార్జిన్ తక్కువున్నప్పుడు నష్టాల కంపెనీలను జాబితాలోకి తోయాలనిపిస్తుంది. ఆ పని చేయకు. పన్ను ఆఫీసరు అదే డేటాబేస్ తెరిచి, నువ్వు తీసేసిన ప్రతి పేరుకూ కారణం అడుగుతాడు. తీసేసిన కారణం ఆ రోజే, ఆ పేరు పక్కనే రాసి పెట్టు. పత్రాలు సరిగా లేకపోతే పాత చట్టంలో లావాదేవీ విలువ మీద 2 శాతం జరిమానా. 110 కోట్ల ఇన్‌వాయిస్ మీద 2 కోట్ల 20 లక్షలు.

ధరను ఆర్మ్స్ లెంగ్త్‌కు లాగినందుకు వచ్చే సవరణ కోటి దాటితే పని అక్కడితో అయిపోదు. ఆ తేడా సొమ్మును మామూలుగా 90 రోజుల్లో నిజంగా దేశానికి తేవాలి. తేకపోతే అది విదేశీ కంపెనీకి ఇచ్చిన అడ్వాన్సుగా లెక్కకట్టి వడ్డీ వేస్తారు, లేదా 18 శాతం అదనపు పన్ను కట్టాలి. క్లయింటుకు ఇది ముందే చెప్పు, చివర్లో చెబితే నీ మీదే విరుచుకుపడతారు.

విదేశీ గ్రూపు కంపెనీలతో లావాదేవీల మీద సీఏ ఇచ్చే 3సీఈబీ రిపోర్టుకు అక్టోబరు 31 గడువని సెప్టెంబరులో మొదలుపెట్టకు. జూన్‌లోనే ఒప్పందాలు, ఇన్‌వాయిస్‌లు, మినిట్స్ అడుగు. మినిట్స్ ఇవ్వడానికి ఎవరైనా నసిగితే, మిగతావన్నీ పక్కనపెట్టి ముందు వాటికోసమే రాతపూర్వకంగా మెయిల్ పెట్టు. ఎఫ్‌ఏఆర్ పట్టిక మొదటిది నువ్వే నింపి, ఆదివారం నాకు ఫోన్ చెయ్యి. పేర్లూ అంకెలూ చెప్పొద్దు, ఎక్కడ ఆగిపోయావో చెప్పు చాలు.

అమ్మ