సీసం బొమ్మలు చేరాక

బుజ్జీ,

పార్సిల్ విప్పగానే ముందు బొమ్మల్ని అట్టపెట్టెలోంచి తీసెయ్. చెక్క బీరువాలో పేర్చాలని మనసు లాగుతుంది, వద్దు తల్లీ. ఇవి బల్ల మీద ఆడే యుద్ధపు ఆట కోసం 1980లలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో సిటడెల్ అనే కంపెనీ వాళ్లు పోతపోసిన బుల్లి సైనికులు. ఆ లోహంలో సీసం ఉంది. చెక్క, అట్ట, ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరికి విశాఖ గాలిలో తేమ తోడైతే సీసం మీద తెల్లటి పొడి పొంగుతుంది. మొదలైందంటే దానంతటది ఆగదు. పట్టిన ఆమ్లమే మళ్లీ మళ్లీ విడుదలై లోపలికి తింటూ పోతుంది. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, అందులో నాలుగు సిలికా జెల్ పొట్లాలు చాలు. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ సీలెంట్‌ను దగ్గరికి రానివ్వకు.

తెల్లపొడి కనిపిస్తే ఊదకు, పొడిగా గీకకు. అది విషం. మాస్కు, గ్లవ్స్ వేసుకుని తడిబ్రష్‌తో తియ్యి. వంటింటి సింకు దగ్గర మాత్రం కాదు. ఆకురాయి పట్టినా తడిపే పట్టాలి.

పాత రంగు వదిలించడానికి అసిటోన్ బాగా పనిచేస్తుంది. అయితే బొమ్మ లోహమే గానీ కింది బేసూ, చాలావాటికి డాలూ ప్లాస్టిక్. అవి అసిటోన్‌లో కరిగి బంకవుతాయి. ముందు వాటిని ఊడదీసి, గాజుసీసాలో రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. కిటికీ తెరిచి ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఫెవిక్విక్ అతుకులు కూడా విడిపోతాయి కాబట్టి ఒక్కో సీసాలో ఒక్కో బొమ్మే. లేకపోతే ఎవరి చెయ్యి ఎవరిదో తేల్చుకోలేక తల పట్టుకుంటావు. పాదాల కింది పలచటి పట్టీని కత్తిరించకు. చాలావాటికి పేరు, సంవత్సరం ఉండేది దాని మీదే. రంగు బాగున్నవాటిని అసలు ముట్టుకోకు. పాతరంగుకీ ఒక అందం ఉంది.

విరిగిన చేతిని ఒట్టి జిగురు మోయలేదు, లోపల తీగ ఉండాలి. 1 మి.మీ. డ్రిల్ బిట్‌ను చేతిపిడికి బిగించి రెండు వైపులా 3–4 మి.మీ. లోతు తొలువు. రంధ్రాలు ఎదురెదురుగా రావడమే కష్టం. ఒకవైపు తొలిచాక దాని అంచున తడిరంగు చుక్క పెట్టి రెండోముక్క ఆనిస్తే గుర్తు పడుతుంది. మెత్తటి లోహం బిట్‌కు చుట్టుకుపోతుంది, రెండు తిప్పులకోసారి బయటికి తీసి తుడువు. 1 మి.మీ. ఇత్తడి తీగ, ఆవగింజంత జిగురు సరిపోతాయి. జిగురు ఎక్కువైతే అతుకు గట్టిపడకపోగా చుట్టూ తెల్లటి పొగలాంటి మరక మిగులుతుంది. సందుల్లో ఎమ్‌-సీల్ నింపు.

వానాకాలం స్ప్రే ప్రైమర్, స్ప్రే వార్నిష్ జోలికి పోకు. తేమకు పొర పాలిపోయి గరుకవుతుంది. బ్రష్‌తో పూసేవే నయం. రంగు ఎప్పుడూ నీళ్లు కలిపి పలచగా రెండు పూతలు. కళ్లకోసమని 000 బ్రష్ కొంటారు, మన ఎండకు దాని మొన బొమ్మను తాకేలోపే ఆరిపోతుంది. మొన సూదిలా ఉన్న 1 నంబరు బ్రష్ తీసుకో. టిఫిన్ డబ్బా మూతలో తడి టిష్యూ, పైన బేకింగ్ కాగితం పరిస్తే రంగు గంటలకొద్దీ ఆరదు.

ఆటకు మన గోబ్లిన్లు (కురచ పిశాచి సైనికులు) 20 మి.మీ. చదరపు బేసుల మీద అయిదుగురు ఒక వరస. లెక్కకి 100 మి.మీ., కానీ వరసను ఒకేసారి జరిపే ట్రే లోపలి కొలత 102 పెట్టు. రంగు పూతలకు బేసులు కాస్త ఉబ్బుతాయి. బేసు కింద 5 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం అయస్కాంతం, ట్రేలో ఇనుప రేకు. రేకే కాబట్టి ధ్రువాల గొడవ లేదు. ఈటెలు ఒకదానికొకటి తగులుతాయి, అందుకే బేసుల అడుగున వరస నంబర్లు రాసి పంపుతున్నాను. పట్టకపోతే ఈటె వంచకు, నంబరు చూడు.

అమ్మ