టికెట్టు మీద ఒక తరగతి, రెండో విమానంలో మరో తరగతి

సంపాదకులకు నమస్కారం.

ఆఫ్రికా నుంచి స్వదేశానికి వచ్చే దూర ప్రయాణాలకు ‘ప్రీమియం ఎకానమీ’ పేరుతో అమ్ముతున్న టికెట్ల విషయంలో ప్రయాణికులకు జరుగుతున్న అన్యాయాన్ని మీ పత్రిక ద్వారా పౌర విమానయాన అధికారుల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్నారు. వారి దగ్గర కొంతకాలం గడిపి నేనూ నా భార్యా ఇటీవలే తిరుపతికి తిరిగివచ్చాము. ఆమెకు రెండు మోకాళ్ళకూ కీలు మార్పిడి ఆపరేషన్ జరిగింది. కాళ్ళు చాపుకునే చోటు లేకపోతే అంత దూరం కూర్చోలేదని పిల్లలు ఎక్కువ డబ్బు పెట్టి ప్రీమియం ఎకానమీ టికెట్లు తీశారు. నేరుగా వచ్చే విమానం మాకు దొరకలేదు కనుక దారిలో ఒకచోట దిగి చెన్నై విమానం ఎక్కవలసి వచ్చింది. మొదటి విమానంలో పెట్టిన డబ్బుకు తగిన సౌకర్యం లభించింది. రెండో విమానంలో మాకు ఇచ్చినవి మామూలు ఎకానమీ సీట్లు.

బాగున్నదాన్ని బాగుందని ముందుగా చెప్పడం ధర్మం. మామూలు ఎకానమీలో ఒక వరుసకూ తర్వాతి వరుసకూ మధ్య దూరం సాధారణంగా 31, 32 అంగుళాలు ఉంటుంది. ప్రీమియం ఎకానమీలో అది చాలా సంస్థల విమానాలలో 38 అంగుళాలు, కొన్నింటిలో 40 వరకు ఉంటుంది. సీటు వెడల్పు కూడా అంగుళమో రెండంగుళాలో ఎక్కువ. ఆరేడు అంగుళాలంటే కాగితం మీద చిన్న సంగతిగానే కనిపిస్తుంది కానీ, మోకాలిని పూర్తిగా మడవలేని మనిషికి రాత్రంతా నిద్రపట్టడమా పట్టకపోవడమా అన్నది ఆ ఆరేడు అంగుళాల మీదే ఆధారపడి ఉంటుంది. మా సీట్లకు పిక్కల కింద ఆనేలా పైకి లేచే పలక ఒకటి ఉంది. దాన్ని ఎత్తి పెట్టుకుని, వీపు వెనక్కి వాల్చుకుని నా భార్య తెల్లవారే దాకా నిద్రపోయింది. పక్కవారిని లేపకుండా నడవాలోకి వెళ్ళి నాలుగడుగులు నడిచి రావడానికీ వీలు కలిగింది. దిగేటప్పుడు ఆమె చెప్పు పట్టీ రోజూ పెట్టుకునే రంధ్రంలోనే పట్టింది. ఇది వయసు మళ్ళినవారికి అవసరమైన సదుపాయమే కానీ విలాసం కాదని నా అభిప్రాయం.

విమానం మారేచోట బోర్డింగ్ పాసులు చూసి, ఏదో పొరపాటు జరిగిందనుకుని కౌంటరు దగ్గరకు వెళ్ళాము. అక్కడి ఉద్యోగిని మర్యాదగానే మాట్లాడింది. మా టికెట్టు కాగితంలో మొదటి ప్రయాణం పక్కన ‘డబ్ల్యూ’ అనీ, రెండోదాని పక్కన ‘వై’ అనీ చిన్న అచ్చులో ఉన్న అక్షరాలను వేలుపెట్టి చూపించింది. డబ్ల్యూ అంటే ప్రీమియం ఎకానమీ, వై అంటే మామూలు ఎకానమీ అట. చెన్నై వెళ్ళే ఆ విమానంలో ప్రీమియం ఎకానమీ అనే విభాగమే లేదని, కనుక చేయగలిగింది ఏమీ లేదని చెప్పింది. ఇంటికి వచ్చాక సంస్థకు రాస్తే, టికెట్టు కొన్నప్పుడే షరతులన్నింటికీ మీరు అంగీకరించారని జవాబు వచ్చింది. అదే కాగితం పై భాగంలో ‘ప్రీమియం ఎకానమీ’ అన్న మాట పెద్ద అక్షరాలలో ఉంది. మొత్తం ప్రయాణానికి ఒకే ధర ఉంది. ఏ అంచెకు, అంటే ఏ విమానంలోని ప్రయాణానికి, ఎంత తీసుకున్నారో ఎక్కడా లేదు.

సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక సంస్థను వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. దూర మార్గాలలో తిరిగే పెద్ద విమానాలలో ఈ తరగతి ఉండి, మన దక్షిణాది నగరాలకు వచ్చే విమానంలో లేకపోవడం అనేది ఎవరి టికెట్టులోనైనా ఎదురుకావచ్చు.

రెండో ప్రయాణం నాలుగు గంటలే కదా, ఆ మాత్రం ఓర్చుకోలేరా అని కొందరు అడగవచ్చు. ఆ నాలుగు గంటలూ ఒక రాత్రి ప్రయాణం మీద అదనంగా వచ్చి పడతాయన్నది మరచిపోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయన ఫలితాల ప్రకారం, నాలుగు గంటలు, అంతకు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణాల వల్ల కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుంది. అది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చే ముప్పు కాబట్టి బెంబేలు పడవలసిన పనిలేదు. ఆ ముప్పు విమానానికే పరిమితం కాదు, బస్సులోనైనా రైల్లోనైనా కారులోనైనా అలా కూర్చుంటే వస్తుంది. ఖరీదైన సీటు కొన్నంత మాత్రాన అది పోదు, లేచి నడవాలి, పిక్కలు కదుపుతూ ఉండాలి. కానీ అదే అధ్యయనం ప్రయాణ సమయం పెరిగేకొద్దీ, తక్కువ వ్యవధిలో ఒకటికి మించి విమానాలు ఎక్కేకొద్దీ ముప్పు పెరుగుతుందని కూడా స్పష్టంగా చెప్పింది. ఆ లెక్కన, కాళ్ళకు చోటు ఎక్కువ అవసరమయ్యేది రెండో విమానంలోనే. నా భార్యకు మూడు సీట్ల వరుసలో మధ్య సీటు వచ్చింది. ముందు సీటు వెనక్కి వాలగానే మోకాలు దానికి తగిలింది. కాలు చాపుదామంటే ముందు సీటు కింద ఎవరిదో సంచి ఉంది. చెన్నైలో దిగేసరికి మడమల దగ్గర ఎంత వాపు వచ్చిందంటే, చెప్పు పట్టీ ఆఖరి రంధ్రంలోకి కూడా రాలేదు. వీల్‌చెయిర్‌లో బయటికి తీసుకువచ్చాను.

పైగా మన ప్రాంతం వాళ్ళకు ప్రయాణం చెన్నైలో ముగియదు. తిరుపతి దగ్గరి రేణిగుంట విమానాశ్రయాన్ని 2017లో అంతర్జాతీయ విమానాశ్రయంగా ప్రకటించారు కానీ, అక్కడి నుంచి ఆఫ్రికా వైపు విమానమేదీ లేదు. చెన్నై నుంచి తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతికి మళ్ళీ మూడు నాలుగు గంటలు కారులో కూర్చోవాలి. చిత్తూరు, పలమనేరు వైపు వాళ్ళు బెంగళూరులో దిగినా రోడ్డు ప్రయాణం తప్పదు.

ఆఫ్రికా ప్రయాణాలు ఎంతమంది చేస్తారని తేలికగా తీసుకోవడానికి లేదు. 1860లో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరిన నాటి నుంచి, ఆనాటి ఉత్తర ఆర్కాటు ప్రాంతం నుంచి ఎందరో నాటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్ళారు. 1911లో జిల్లాగా ఏర్పడేదాకా చిత్తూరు కూడా ఆ ఉత్తర ఆర్కాటులోనిదే. అక్కడి తెలుగువారు 1931లోనే ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. ఇప్పుడు వెళ్తున్నది కంప్యూటర్ ఉద్యోగులు, ఇంజనీర్లు, మందుల కంపెనీలవారు, ఉపాధ్యాయులు, వారిని చూడడానికి వెళ్ళే మా వంటి తల్లిదండ్రులు. ఈ టికెట్లు ఎక్కువగా కొంటున్నది కూడా మా వయసు వారి కోసమేనని విమానంలో చుట్టూ చూస్తే నాకు అర్థమైంది.

ఇక నియమాల సంగతి. కొన్న తరగతి కంటే తక్కువ తరగతిలో ప్రయాణికుడిని అతని ఇష్టం లేకుండా కూర్చోబెడితే డబ్బు తిరిగి ఇవ్వాలని విమానయాన సంస్థలను నియంత్రించే కేంద్ర ప్రభుత్వ విభాగం డీజీసీఏ నిబంధన ఉంది. అది 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులో ఉంది. దేశీయ ప్రయాణమైతే పన్నులతో సహా టికెట్టు ధరలో 75 శాతం, అంతర్జాతీయ ప్రయాణమైతే 1500 కిలోమీటర్ల లోపు దూరానికి 30 శాతం, 1500 నుంచి 3500 కిలోమీటర్ల వరకు 50 శాతం, అంతకు మించితే 75 శాతం ఇవ్వాలి. 2022 డిసెంబరులో ప్రతిపాదన తెచ్చినప్పుడు పన్నులతో సహా పూర్తి ధర తిరిగి ఇవ్వాలని, తర్వాతి తరగతిలో ఉచితంగా తీసుకువెళ్ళాలని అన్నారు. చివరకు అది ఈ శాతాలకు తగ్గింది. తగ్గినా మంచి నిబంధనే. అయితే ఇది టికెట్టులో ఉన్న తరగతిని తర్వాత మార్చినప్పుడే పనికివస్తుంది. టికెట్టు పైన ఒక పేరు పెట్టి, లోపల ఒక అంచె పక్కన ‘వై’ అన్న అక్షరం వేసి ఉంచితే, తరగతి తగ్గించినట్టే కాదని సంస్థ తప్పించుకుంటుంది. మా విషయంలో జరిగింది ఇదే.

ఒకే ధరకు అమ్మిన టికెట్టులో ఒక అంచె విలువ ఎంతో తేల్చడం అసాధ్యమని కూడా సంస్థ మాకు రాసింది. ఈ మాట నిలబడదు. ఐరోపా సమాఖ్యలో 2004 నాటి 261వ నిబంధన కింద, తరగతి తగ్గిస్తే దాదాపు ఇవే దూరాలకు ఇవే శాతాలలో ఏడు రోజులలోగా డబ్బు తిరిగి ఇవ్వాలి. ఆ లెక్కను మొత్తం టికెట్టు మీద వేయాలా, ఒక్క అంచె మీద వేయాలా అన్న వివాదం వస్తే, ఐరోపా న్యాయస్థానం 2016లో తీర్పు చెప్పింది. తరగతి తగ్గిన అంచె ధర మీదే లెక్క వేయాలని, ఆ అంచె ధర టికెట్టులో విడిగా లేకపోతే మొత్తం దూరంలో ఆ అంచె దూరం ఎంత భాగమో అంత భాగం ధరగా తీసుకోవాలని తేల్చింది. ఐరోపాలో వేయగలిగిన లెక్క మన దగ్గర వేయలేకపోవడానికి కారణం నాకు కనిపించదు.

పన్ను విధించే విషయంలో మాత్రం మన ప్రభుత్వానికి ఈ తరగతి గురించి ఏ సందేహమూ లేదు. మామూలు ఎకానమీ టికెట్టుపై జీఎస్టీ 5 శాతం ఉండగా, ప్రీమియం ఎకానమీతో సహా మిగిలిన తరగతులపై ఉన్న 12 శాతాన్ని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి పెంచారు. మా అల్లుడు ఇకమీదట ఇక్కడి నుంచి అక్కడికి టికెట్లు తీసేటప్పుడు ఈ పన్ను కట్టవలసి ఉంటుంది. ఎకానమీ వేరు, ఇది వేరు అని చెప్పి మూడు రెట్లకు మించిన పన్ను వసూలు చేసే ప్రభుత్వం, ఆ పేరుతో అమ్మే సీటు కనీసం ఎలా ఉండాలో, ప్రయాణంలో ఎంత భాగానికి వర్తించాలో కూడా చెప్పవలసి ఉంది. 1990ల తొలి సంవత్సరాలలో ఈవా ఎయిర్, వర్జిన్ అట్లాంటిక్ సంస్థలతో మొదలైన ఈ తరగతిని 2015లో విస్తారా మన దేశీయ విమానాలలోకి తెచ్చింది. ఇది కొత్తది, ఇంకా కుదురుకోలేదు అనే సాకుకు ఇక తావు లేదు.

1934 నాటి విమానాల చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే చట్టం అమలులోకి వచ్చింది. కొత్త చట్టం నీడలోనైనా డీజీసీఏ ఈ విషయం పట్టించుకోవాలి. డబ్బు చెల్లించక ముందే ప్రతి అంచెకూ తరగతి పేరు, విమానం రకం, వరుసల మధ్య దూరం, ఆ అంచెకు తీసుకునే ధర కంటికి కనిపించే అచ్చులో మామూలు మాటలలో చూపించాలి. ఒక్క అంచెలో ఆ తరగతి లేకపోయినా టికెట్టు మొత్తానికి ‘ప్రీమియం ఎకానమీ’ అని శీర్షిక పెట్టనివ్వకూడదు. అలా పెట్టి అమ్మితే దాన్ని తరగతి తగ్గించినట్టుగానే పరిగణించి, పైన చెప్పిన శాతాల ప్రకారం డబ్బు ఇప్పించాలి. విదేశీ సంస్థలకూ ఇదే వర్తించాలి, ఎందుకంటే అవి ఇక్కడికి విమానాలు నడిపేది మన ప్రభుత్వ అనుమతితోనే.

టికెట్లు తీసే ఏజెంట్లకు కూడా ఒక విన్నపం. తిరుపతి, చిత్తూరు, పీలేరు, మదనపల్లెలలో కువైట్, దుబాయ్ వెళ్ళేవారికి ఏళ్ళ తరబడి టికెట్లు తీస్తున్న ఏజెంట్లు ఉన్నారు. ఆ అక్షరాల అర్థం వారికి కొట్టినపిండి. కొనేవారికి ఏ అంచెలో ఏ సీటో నోటితో ఒక్క మాట చెబితే, అవసరమైనవారు రెండు అంచెలలోనూ ఆ తరగతి దొరికే మార్గం వెతుక్కుంటారు, లేదా రెండో విమానంలో నడవా పక్క సీటో, ముందు కాస్త ఎక్కువ చోటు ఉన్న సీటో ముందే డబ్బు కట్టి తీసుకుంటారు.

మాలాగా నష్టపోయినవారు మిన్నకుండిపోవద్దు. ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, జవాబు సంతృప్తికరంగా లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవా పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సంస్థ కార్యాలయం ఎక్కడ ఉన్నా మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు. గడువు రెండు సంవత్సరాలు. టికెట్టు, బోర్డింగ్ పాసులు, సంస్థ ఇచ్చిన జవాబు పారేయకుండా దాచుకోవాలి. మేమూ ఆ కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాము, ఈ నెలలోనే తిరుపతిలో ఫిర్యాదు దాఖలు చేస్తున్నాము.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొర్లగుంట, తిరుపతి.