రోడ్డు వెడల్పు కొలుస్తారు సరే, మట్టి సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల, చుట్టుపక్కల ఉన్న పాత పారిశ్రామికవాడల భూముల్ని ఇళ్ళకు, ఆఫీసులకు, మాల్స్‌కు మార్చుకోవచ్చంటూ 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం హిల్ట్ (హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి) పాలసీ తెచ్చిన దగ్గర్నుంచి ఒకటే గొడవ. సుమారు 9,292 ఎకరాల విలువెంత, లాభం ఎవరికి, స్కామా కాదా అని. ఆ లెక్కలు తేలాల్సిందే, కాదనను. కానీ అలాంటి పారిశ్రామికవాడే అయిన కాటేదాన్ పక్క బస్తీల్లో ఉండేవాళ్ళకు వేరే టెన్షన్ ఉంది. ఆ భూమి ధర అడిగేవాళ్ళే తప్ప అందులో ఏముందో అడిగేవాళ్ళు కనబడటం లేదు.

మార్పిడికి కట్టే ఫీజే చూడండి. ప్లాటు ముందు రోడ్డు 80 అడుగుల లోపుంటే రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, 80 అడుగులు, ఆపైన అయితే 50 శాతం. అంటే టేపు పట్టి రోడ్డు కొలిస్తే చాలు. ఆ షెడ్డులో ఏళ్ళ తరబడి బ్యాటరీలు చేశారా, బిస్కెట్లు చేశారా అన్నదానితో ఫీజుకు పని లేదు.

కాటేదాన్ మట్టి గురించి ఇప్పుడు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. హబ్సిగూడలోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు అక్కడి మట్టిని పరీక్షించి సీసం, క్రోమియం, ఆర్సెనిక్ లాంటివి ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువున్నాయని 2008లోనే ప్రచురించారు. సీసం కుళ్ళిపోయేది కాదు, ఎండకు ఎగిరిపోయేదీ కాదు, పడ్డచోటే పైపొరలో కూర్చుంటుంది. మట్టిలో ఆడి ఆ చేతులే నోట్లో పెట్టుకునే పిల్లల మెదడు మీద దాని దెబ్బ పడుతుంది. అందుకే కెనడాలో ఫ్యాక్టరీ స్థలానికి కిలో మట్టికి 600 మిల్లీగ్రాముల సీసం దాకా ఒప్పుకుంటారు గానీ, ఇళ్ళ స్థలానికి 140 దాటకూడదంటారు. స్థలం అదే, మట్టి అదే, వాడకం మారితే కొలత మారుతుంది. మన దగ్గర వాడకం ఒక్కటే మారిపోతోంది.

పరీక్ష అంటే గేటు దగ్గర గుప్పెడు మట్టి తీసి ల్యాబుకు పంపడం కాదు. ముందు అక్కడ పనిచేసిన పాత కార్మికుల్ని కూర్చోబెట్టి అడగాలి, డ్రమ్ములు ఎక్కడ పెట్టేవాళ్ళు, రాత్రిపూట నీళ్ళు ఎటు వదిలేవాళ్ళు, భూమిలో ట్యాంకులు ఎక్కడున్నాయి అని. ఈ సంగతులు ఏ ఫైల్లోనూ ఉండవు, వాళ్ళకే తెలుసు. పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) ఇచ్చిన పాత అనుమతులు తిరగేయాలి. ఆ తర్వాతే అనుమానమున్న చోట్ల లోతు లోతుకీ మట్టి తీయాలి, బోర్లు వేసి నీళ్ళు చూడాలి. సాల్వెంట్లు (వేరే పదార్థాల్ని కరిగించే రసాయన ద్రవాలు) వాడిన చోటైతే ఇంకో పరీక్ష కూడా కావాలి, ఎందుకంటే వాటి ఆవిరి నేలలోంచి పైకి వచ్చి కట్టిన ఇంట్లోకే చేరుతుంది.

అన్నిటికంటే నాకు భయం సెల్లార్ల గురించి. అపార్టుమెంట్ కొనేవాడి కింద మట్టి తీసేస్తారు, అక్కడ కాంక్రీటు పోస్తారు, అతను బతికిపోవచ్చు. మరి తవ్విన మట్టి? టిప్పర్లలో వెళ్ళి ఏ కుంటలోనో, ఏ బస్తీలో పల్లంగా ఉన్న అరవై గజాల ప్లాటులోనో పడుతుంది. మెరక చేయడానికి చవగ్గా మట్టి దొరికిందని పేదవాడు సంతోషిస్తాడు కూడా. గుంతలో ఊరిన నీళ్ళు మోటారు పెట్టి నాలాలోకి తోడేస్తారు. అంటే పరీక్ష లేకుండా తవ్వితే, ఇన్నాళ్ళూ ఒక కాంపౌండ్ లోపలున్న విషాన్ని మనమే లారీకెక్కించి పంచినట్టు.

భోపాల్‌లో చూశాం కదా. గ్యాస్ లీకైన యూనియన్ కార్బైడ్ ప్లాంటులో మిగిలిన 337 టన్నుల వ్యర్థాన్ని తరలించి కాల్చడానికే 2025 దాకా పట్టింది, అక్కడి నేల, భూగర్భజలం సంగతి ఇంకా అలాగే ఉంది.

చట్టం లేదని ఎవరూ అనడానికి లేదు. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో నిబంధనలు తెచ్చింది. స్థానిక సంస్థ అనుమానిత స్థలాన్ని చూపిస్తే పీసీబీ 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి, కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలి. మరి ఈ పారిశ్రామికవాడల్లో ఎన్ని ప్లాట్లను అనుమానిత జాబితాలో పెట్టారో చెప్పమనండి. ప్లాటు ప్లాటుకీ మట్టి, నీటి రిపోర్టు వచ్చి, అది తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసు బోర్డు మీద పెట్టేదాకా మార్పిడి ఆర్డరు ఇవ్వకూడదు. తవ్విన మట్టి ఎటు పోతుందో టిప్పర్ టిప్పర్‌కూ రాసిపెట్టాలి. మీ విలేకరులు ఈసారి మంత్రిగారి ప్రెస్‌మీట్‌కు వెళ్ళినప్పుడు ఎకరా రేటుతో పాటు ఇదీ అడగమని కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, కాటేదాన్, హైదరాబాద్